పదకొండు గంటల పైప్‌లైన్

"మళ్లీ కొట్టావా?" పక్క సీటు అక్క ఆమె వైపు కుర్చీ తిప్పింది.

ఆమె తలెత్తలేదు. నల్లటి తెర మీద ఒక్క లైను కమాండ్ టైపు చేసి ఎంటర్ నొక్కింది. ఇక్కడ నొక్కితే మూడొందల కిలోమీటర్ల అవతల మిషన్ గదిలో పైప్‌లైన్ మొదలవుతుంది. ఇక్కడివాళ్లు రాసిన కోడంతా అక్కడి మిషన్లు కూర్చి, పరీక్షించి, బాగుంటే పచ్చగీత చూపిస్తాయి. రెండు నెలలుగా ఆమె పదకొండింటికి మొదలుపెట్టిన ప్రతి రన్నూ సగంలో ఆగిపోతోంది. "అవతలి మిషన్ అందుబాటులో లేదు" అని ఎర్రగీత. అలా ఆగితే, మొదలుపెట్టినవాళ్లే మిషన్ గదికి ఫోన్ చేయాలని ఆఫీసు నియమం.

ఆ గదిలో ఫోనెత్తేది ఆమె మొగుడు.

తనతో మాటమాత్రం అనకుండా అక్కడికి బదిలీ ఒప్పుకున్నాడని, "నేను పిలిచేదాకా గడప తొక్కొద్దు" అంది. అతను తొక్కలేదు. ఆమె పిలవలేదు. మాటలు మిగిలింది ఆఫీసు ఫోన్లోనే.

"సార్, రన్ ఆగింది."

"చూస్తున్నా మేడమ్. ఒక్క నిమిషం."

ఆ ఒక్క నిమిషం అతని ఊపిరి వినబడేది. ఒకరోజు దగ్గాడు. మాత్ర వేసుకున్నావా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఇంకెంతసేపు సార్?" అంది.

ఇవాళ మాత్రం పచ్చగీత వచ్చింది.

"హమ్మయ్య, పీడ వదిలింది!" అంది అక్క.

ఆమె మళ్లీ కమాండ్ కొట్టింది. పచ్చ. మళ్లీ కొట్టింది. పచ్చ.

"బాగున్నదాన్ని ఎన్నిసార్లు పరీక్షిస్తావే?"

"నమ్మకం కుదరట్లేదక్కా."

"మిషన్ మీదా, మీ ఆయన మీదా?"

ఆమె నవ్వబోయి మానేసింది. కోడ్‌లో ఒక లైను తనే చెడగొడితే? లాభం లేదు, కోడ్ తప్పయితే ఫోన్ ఆ కోడ్ రాసినవాళ్లకే పోతుంది, మిషన్ గదికి కాదు. రేపటినుంచి ఆ గొంతు ఏ వంకతో వినాలి?

అంతలో ఆమె సెల్ మోగింది. రెండు నెలల తర్వాత అతని సొంత నంబరు.

"రన్ అయిందా మేడమ్?" వెనక ఏదో హారన్.

"మూడుసార్లూ పచ్చే సార్. మిషన్ బాగుచేశారా?"



"రోజూ దాన్ని ఆపేవాడు ఇవాళ సెలవు పెట్టి బస్సెక్కాడు మేడమ్."