నడుంనొప్పి కషాయం

"గోడవైపు కాదు పెద్దమ్మా, ఇటు తిరగండి," అంది ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే లస్త్రి.

తిరిగితే పక్క మంచం మీదున్న హర్తాతి తనను చూసేస్తుందని తుకినా భయం. సీసాల బుట్ట వీపున కట్టుకుని జోగ్జకర్తా నగరం వీధుల్లో తను అమ్మే నడుంనొప్పి కషాయం రోజూ తాగే మనిషావిడ. అమ్మేదానికే నడుం పట్టేసిందని తెలిస్తే రేపట్నించి ఆ బుట్ట ముఖం ఎవరు చూస్తారు?

"ఏం తుకినా, గోడతో బేరమాడుతున్నావా?"

హర్తాతికి దొరికిపోయింది తుకినా. "మీరేంటమ్మా ఇక్కడ?" అని ఎదురడిగింది.

"నువ్వెందుకొచ్చావో నేనూ అందుకే."

లస్త్రి తుకినా మోకాళ్ళు మడిచిపెట్టింది. "మెల్లగా నడుం పైకెత్తండి. డాక్టరుగారి మాత్రలు మింగి ఇది మానేస్తే లాభం లేదు. ఆ బుట్ట బరువు కూడా తగ్గించుకోవాలి."

"మేం తగ్గిస్తూనే ఉన్నాం కదమ్మాయ్," అంది హర్తాతి. "ఈవిడ వంగిపోయి నడవడం చూసినప్పట్నించీ ఇంటింటా రెండేసి గ్లాసులు తాగుతున్నాం."

తుకినా ఎత్తిన నడుం దబ్బున దింపేసింది.

"అంటే, నొప్పి తగ్గుతోందని కాదా?"

హర్తాతి పైకప్పు వైపు చూసింది.

వీధిలో నడుములన్నీ తనే నిలబెడుతున్నానని తుకినా నమ్మకం. ఆ నమ్మకం పోయిన చోట నొప్పి ఇంకోరకంగా ఉంది.

"అందరూనా?" అంది చిన్నగా.

"అందరమూను. రేపు కాస్త చేదు తగ్గించి తీసుకురా. తాగాల్సింది మేమేగా!"