మూడో ఛార్జర్

“మీ ఆయన్ని కాస్త పక్కకి జరగమను” అన్నాడు నాన్న.

మీ ఆయన రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. అయినా ఆ మాట కూతురి మీదుగానే వెళ్లాలి.

“జరగండి” అందామె. భర్త జరిగాడు.

పెళ్లయ్యాక మొదటిసారి వచ్చినప్పుడు, వెనక గదిలో నాన్న సొంతంగా చేసుకున్న బ్యాటరీ ఛార్జర్ చూసి అతను నవ్వాడు. “ఇవి షాపులో దొరుకుతాయి కదా మామయ్యగారూ!” అన్నాడు. మోటార్లకు వైండింగ్ చుట్టీ చుట్టీ వేళ్లు కాయలు కాచిన మనిషికి ఆ మాట పుండు మీద కారమైంది. ఆ రోజు నుంచి అల్లుడితో నేరుగా మాటల్లేవు.

ఇప్పుడు ఆ అల్లుడి కారు బ్యాటరీయే అదే గదిలో, అదే బల్ల మీద కూర్చుంది.

రాత్రంతా హెడ్‌లైట్లు వెలుగుతూనే ఉండిపోయాయి. పొద్దున తాళం తిప్పితే కారు ‘టిక్’ మని ఊరుకుంది. ఆదివారం. షాపులన్నీ మూత. ఉన్న ఒక్క బస్సూ వెళ్లిపోయింది. తోసి స్టార్ట్ చేద్దామంటే ఆటోమేటిక్ బండి. రేపు పొద్దున అతను కొత్త ఉద్యోగంలో చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

“లైట్లు ఆర్పడం రాదు గానీ, షాపులో ఛార్జర్లు కొంటాడట” అన్నాడు నాన్న, గోడతో.

“పొరపాటైంది మామయ్యగారూ” అన్నాడు భర్త.

ఆమె అతని మొహంలోకి చూడలేకపోయింది.

పాత స్టెబిలైజర్‌లోంచి పీకిన ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, మధ్యలో ఒక బల్బు. ఇది నాన్న చేసిన మూడో ఛార్జర్. కరెంటు ఒక్కసారిగా పారకుండా ఆ బల్బే కాపలా. బ్యాటరీ నిండేకొద్దీ బల్బు మసకబారాలి. మొదటి ఛార్జర్ బల్లను కాల్చింది. రెండోది కిటికీ తెరను మింగింది.

“ఇక మిగిలింది ఇల్లే” అంది అమ్మ, ఇసుక బకెట్ గుమ్మంలో దింపుతూ.

“కిటికీలు తెరవమను మీ ఆయన్ని.”

“తెరిచాను” అన్నాడు భర్త.

“తెరిచారట నాన్నా.”

స్విచ్ పడింది. ట్రాన్స్‌ఫార్మర్ తుమ్మెదలా ఝుమ్మంది. బల్బు భగ్గున వెలిగింది. ఆ వెలుగులో ఒక బట్టతలా, ఒక ఉంగరాల జుట్టూ ఇంచుమించు తగులుకుంటూ వంగి ఉన్నాయి. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది. ఆమె మాత్రం ఇసుక బకెట్‌ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

మధ్యాహ్నం దాటేసరికి బ్యాటరీలో నీళ్లు బుడబుడలాడడం మొదలైంది. ఘాటైన వాసన. దాని వెనకే ఇంకో వాసన, వైరు మాడుతున్నది. ట్రాన్స్‌ఫార్మర్ మీద సన్నగా పొగ లేచింది.

భర్త ఒక్క ఉదుటున ముందుకు దూకి, బ్యాటరీకి తగిలించిన క్లిప్పు మీద చెయ్యి వేశాడు.

“ఒరేయ్, చెయ్యి తియ్యి! ముందు స్విచ్!”

నాన్న అతని మణికట్టు పట్టి వెనక్కి లాగాడు. రెండో చేత్తో స్విచ్ ఆర్పాడు. గదిలో ఝుంకారం ఆగింది.

“ఆ బుడగల నిండా మండే గ్యాసు! కరెంటు ఉండగా క్లిప్పు పీకితే నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ మొహం మీదే పేలిపోతుంది, తెలుసా?”

“తెలీదు మామయ్యగారూ.”

“తెలీకపోతే అడగాలి.”

“అడిగితే చెప్తారా?”

నాన్న అతని మణికట్టు వదిలేశాడు. “చెప్తాను” అన్నాడు. ఈసారి గోడతో కాదు.

భర్త మణికట్టు రుద్దుకున్నాడు. “షాపువాటిలో చల్లబడ్డానికి చిన్న ఫ్యాన్ పెడతారు...”

“అయితే చూస్తావేం? హాల్లో టేబుల్ ఫ్యాన్ ఉంది, పట్రా!”

ఫ్యాన్ వచ్చింది. మాడిన వైరు తీసి లావుపాటిది వేశారు. ‘ఇటు పట్టు’, ‘అలా కాదు’, ‘ఆ, అదీ’ అనుకుంటూ ఇద్దరూ ఆమెను పూర్తిగా మరిచిపోయారు. బల్బు మెల్లమెల్లగా మసకబారింది.

పొద్దు వాలకముందే కారు ఒక్క తిప్పుకి గర్జించింది.

నాన్న కారు కిటికీలో తల పెట్టాడు. “దారిలో ఎక్కడా ఇంజన్ ఆపకు. చేరగానే ఫోన్ చెయ్యి. అమ్మాయి చేత కాదు, నువ్వే చెయ్యాలి.”

“అలాగే మామయ్యగారూ.”

కారు సందు మలుపు తిరిగింది. పక్క సీట్లో ఆమె అప్పటికి గానీ వెనక్కి వాలలేదు.

“ఈసారి మీ నాన్న చేత మాట్లాడించాలంటే ఇంకేదైనా దారి చూడు” అన్నాడు భర్త, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, “నువ్వు కారు హెడ్‌లైట్లు వేసి, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా లోపలికి రావడం కిటికీలోంచి చూశాక, వెళ్లి ఆర్పేద్దామా వద్దా అని తెల్లారేదాకా నాకు కంటి మీద కునుకు లేదు.”