రాయని ఫిర్యాదు

“యాప్‌లో జనం వాడనిదాన్ని మొహమాటం లేకుండా తీసేయాలి,” అన్నాడు వేదిక మీది డెవలపర్. “మేం పాత వాయిస్ మెసేజీలు తీసేశాం. ఒక్క ఫిర్యాదైనా రాలేదు.”

ముందు వరుసలోంచి అతని బృందంలోనే యాప్‌ను పరీక్షించే టెస్టరక్క లేచింది.

“ఒకటి ఉంది తమ్ముడూ. నేనే రాయలేదు. మా పాప చనిపోయాక దాని మెసేజీలే రోజూ వినేదాన్ని.”

అతను మైకు పక్కన పెట్టి ఆమె దగ్గరికి దిగి వచ్చాడు.

“తీసేసే ముందు ఒక్క మాట చెప్పకపోయావా అక్కా?”

“పరీక్షించి సరేనన్నది నేనే కదా. నా ఫోన్లోవి మిగులుతాయిలే అనుకున్నాను. మిగల్లేదు.”

“పాప ఏమనేది?” అని మెల్లగా అడిగాడు.

ఆమె చెప్పబోయి ఆగిపోయింది.

“మాటలన్నీ గుర్తున్నాయి తమ్ముడూ. గొంతే గుర్తు రావడం లేదు.”