ఊపిరి బెల్టు

"ఊదరా," అన్నాడు నాగప్పన్. "పెళ్లిలో నాదస్వరం ఊదమన్లేదు. ఆ గొట్టంలోకి ఊదేదానికి చచ్చిపోతావుండావే!"

ఆదిమూలం ఊపిరి కొలిచే గొట్టం నోట్లో పెట్టుకుని ఉఫ్ అని, గోడకు చేరబడి ఆయాసపడ్డాడు. ఇది మూడోసారి. నాగప్పన్‌కు ఒళ్లు మండిపోయింది. మాధవరంలో గ్రానైట్ కోసే షెడ్డుకు అతను సూపర్‌వైజరు. దుమ్ము పడటం లేదు, గేటు డ్యూటీ ఇమ్మని నెల రోజులుగా ప్రాణం తీస్తున్న ఈ ఆదిమూలం స్వయానా భార్య చెంగమ్మకు తమ్ముడు. బావమరిదిని నీడపట్టున కూర్చోబెడితే షెడ్డంతా నవ్వదూ? అందుకే ఈ దొంగ ఆయాసాన్ని బయటపెట్టాలని తానే ఆస్పత్రికి లాక్కొచ్చాడు.

"అంతా నడిప్పు డాక్టరమ్మా. ఒట్టి యాక్టింగు," అన్నాడు. కోపంతో పాటు దగ్గూ వచ్చింది. పాడు ఏసీ గాలి.

డాక్టర్ భార్గవి ఇంకో దారి ఉందంది. ఛాతీ చుట్టూ బెల్టు కట్టి, ఒంటికి తెలియనంత సన్నటి కరెంటు పంపుతారు. గాలి నిండిన చోట కరెంటు సులువుగా పారదు. దాన్ని బట్టి ఊపిరి ఎక్కడిదాకా వెళ్తోందో తెర మీద నీలంగా కనబడుతుంది. ఊదే పనే లేదు.

"దీన్ని ఏమార్చలేడు గదా?"

"చాలా కష్టమండీ."

బెల్టు కట్టారు. తెర మీద రెండు వైపులా నీలం నిండుగా పొంగింది. నాగప్పన్ తొడ చరిచినంత పని చేశాడు. రేపటి నుంచి కోత మిషను దగ్గరే నీ చోటు, నోరెత్తావంటే ఇంటికి పంపిస్తానన్నాడు.

"సరి," అన్నాడు ఆదిమూలం. "ఆ దుమ్ములో ఇరవై ఏండ్లు నిలబడినోడివి నువ్వు. నువ్వూ కట్టుకో బావా. నీ బొమ్మా నా మాదిరే వస్తే చచ్చేదాకా ఆడే పడుంటా. బయమైతే ఒద్దులే."

భయమన్న మాట నాగప్పన్ ఎప్పుడు పడ్డాడు గనక? చొక్కా విప్పి బల్ల మీద పడేశాడు.

ఎడమ వైపు నీలం నిండింది. కుడి వైపు కింది సగం నల్లగానే ఉండిపోయింది. డాక్టర్ బెల్టు సరిచేసి మళ్లీ చూసింది. గట్టిగా పీల్చమంది. ఆ నలుపు కదల్లేదు.

దగ్గు ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. ఏడాదన్నాడు, ఏసీ వల్లన్నాడు.

"మీ ఇంట్లో ఏసీ ఉందా?"

లేదు. పరీక్ష చేయించుకోమని చెంగమ్మ ఏడాదిగా కాళ్లావేళ్లా పడుతూనే ఉంది. తనే కసిరి కొట్టాడు. ఇవాళే స్కాన్ తీయాలని, ఇంకా ఆలస్యం చేస్తే ప్రమాదమని డాక్టర్ అంటుంటే నాగప్పన్‌కు భయం పట్టుకుంది. ఆ భయమంతా కోపమైంది. తిట్టడానికి బావమరిది వైపు తిరిగాడు.

నెల రోజులుగా పది అడుగులకే కూలబడుతున్న ఆదిమూలం, రెండంగల్లో తలుపు దాటి, ఆయాసమన్నదే లేని గొంతుతో ఫోన్లో చెప్తున్నాడు:

"అక్కా, బావ బెల్టు కట్టుకున్నాడు. ఇంక ఏడవబాక."