ఫోటో పుట్టిల్లు

ఫ్లెక్సీ ఆరడుగులుంది. బడి హాలు గోడకి మేకులు కొట్టి మరీ తగిలించారు. నల్ల టోపీ, గుబురు గడ్డం, సూటిగా చూసే కళ్లు. కింద ఎర్రటి అక్షరాలు: ‘మన నీళ్లలో విషం కలిపింది ఈ యూదుడే!’

దాన్ని వేయించింది పేరెంట్స్ కమిటీ ప్రెసిడెంటు. సిమెంటు కొట్టు యజమాని. ఊళ్లో జ్వరాలు మొదలైనప్పుడు ఈ ఫోటో ఆయన ఫోనుకొచ్చింది. చదవడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు, పదిమందికీ పంపడానికి. పిల్లలు చాటుగా ఆయన్ని చేటచెవులంటారు. ఏ పుకారైనా ముందు ఆ చెవుల్లోనే పడుతుంది మరి.

ఆ రోజు మీటింగు ఒక్క పాఠం గురించి. చరిత్ర టీచరు తొమ్మిదో తరగతికి చెప్పింది. వందల ఏళ్ల కిందట యూరప్‌లో మహమ్మారి వస్తే, యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు పుట్టింది. నమ్మిన జనం వాళ్లని బతికుండగానే తగలబెట్టారు. వాళ్లూ అదే జబ్బుతో చస్తున్నారన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

అంతవరకు చెప్పి ఊరుకుంటే గొడవే లేదు. ఆవిడ పిల్లల ముందు కంప్యూటర్లు పెట్టి, ప్రెసిడెంటు పంపిన ఫోటోనే వెతికించింది. “ప్రతి ఫోటోకీ ఓ పుట్టిల్లుంటుంది. అది కనుక్కోకుండా దాన్ని ఇంకో గడప తొక్కనివ్వకండి” అంది.

పాఠాన్ని తీసేయాలి, టీచర్నీ తీసేయాలి. ఇదీ తీర్మానం.

“ఫోటోకి పుట్టిల్లేంటమ్మా? పురిటికి పంపిస్తారా?” అన్నాడు ప్రెసిడెంటు.

హాలంతా నవ్వింది. హెడ్మాస్టరు అందరికంటే ఆలస్యంగా మొదలెట్టి, అందరికంటే ఎక్కువ సేపు నవ్వాడు.

“ఫోటోల్ని మార్చొచ్చండీ” అంది టీచరు.

“ఫోటో విలువ నాకు మీరు చెప్పాలా? వరదలో మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు, నే పుట్టకముందే పోయిన మా నాన్నది కూడా. కావాలంటే మా అమ్మనడగండి.”

అమ్మ ముందు వరసలో కునుకుతోంది. కంటి ఆపరేషనయి, కొత్త కళ్లజోడొచ్చింది. చెయ్యెత్తడానికి ఒక మనిషి కలిసొస్తుందని వెంటబెట్టుకొచ్చాడు.

“మీరెప్పుడైనా యూదుల్ని చూశారా?” అనడిగింది టీచరు.

“చూడాలేంటి? జాతి మొహంలోనే తెలిసిపోతుంది.” ఫ్లెక్సీ మీద చేత్తో కొట్టాడు. “ఆ చూపులోనే విషముంది. టోపీ కిందనుంచి ఆ చెవులెలా నిక్కాయో చూడండి! వీడికి పుట్టినవాడు కూడా విషప్పురుగే అయ్యుంటాడు.”

టీచరు గొంతు తగ్గించలేదు. “దీని పుట్టిల్లు పిల్లలు కనుక్కున్నారండీ. ఈ ఊళ్లో మూతపడ్డ పాత స్టూడియో. ఆ స్టూడియో ఆయన మనవడు అప్పటి ఫోటోలన్నీ నెట్‌లో పెట్టాడు. అందులోంచి ఒకటి తీసి ఎవరో మార్చారు. మనిషెవరో మాత్రం తెలీలేదు.”

“విన్నారా! వాడు మన ఊళ్లోనే తిరిగాడని ఆవిడే ఒప్పుకుంది!”

చప్పట్లు మోగాయి. హెడ్మాస్టరు కూడా కొట్టాడు, చప్పుడు రాకుండా.

“ఇక చేతులెత్తండి.”

హాల్లో చేతులన్నీ లేచాయి. టీచరు పుస్తకాలు సంచిలో సర్దుకోవడం మొదలెట్టింది. లేవని చెయ్యి ఒక్కటే. చప్పట్లకి మెలకువొచ్చిన ముసలావిడ గోడకేసి చూస్తోంది.

“అమ్మా, చెయ్యెత్తవే. అందరూ చూస్తున్నారు.”

ఆవిడ వినిపించుకోలేదు. లేచి, కుర్చీలు పట్టుకుంటూ ఫ్లెక్సీ దగ్గరికెళ్లింది. కళ్లజోడు తుడిచి పెట్టుకుంది. అరచేత్తో ఆ గడ్డాన్ని కప్పి, చాలాసేపు చూసింది.

“ఒరే, మీ నాన్నకి ఈ టోపీ ఎవరు పెట్టార్రా?”