గుప్పిట్లో గుండీలు

"ఈ గుండీల్లో సగం నీకిచ్చేశా. మిగిలినవాటిలో ఒకటి పారేసుకున్నా. ఇప్పుడు మూడున్నాయి. మరి మొదట ఎన్ని?"

బడి గేటు పక్కన ఓ పెద్దావిడ గుప్పిట తెరిచి అడుగుతోంది.

పాప పెదవి వణికింది. లెక్క అంటే చాలు, దానికి కళ్లల్లో నీళ్లే.

"ఏడవకు తల్లీ. దారి తెలీకపోతే ఆఖర్నుంచి వెనక్కి రావాలి. ఆఖర్న ఏమైంది?"

"ఒకటి పోయింది."

"తెచ్చి మళ్లీ గుప్పిట్లో వేసెయ్."

"నాలుగు."

"దానికి ముందు?"

"సగం నాకిచ్చావ్... నాలుగూ నాలుగూ... ఎనిమిది!"

పాప కిలకిలా నవ్వింది.

అప్పుడే వచ్చిన తల్లి పాప రెక్క పట్టుకుని లాగేసింది.

"ఎవరమ్మా నువ్వు? నా పిల్లతో నీకేం పని?"

ఆవిడ గుప్పిట మూసుకుంది.

"గుండీల పిచ్చమ్మలే, రోజూ ఇదే గోల" అంది పక్కనున్న మరో తల్లి. "అయినా ఎవర్ని నమ్ముతాం? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లూ ఇలాగే మాటల్లో పెడతారట."

ఆ మాట పాప తల్లిని పురుగులా తొలిచింది.

ఇంట్లో కుట్టు మిషను తొక్కుతున్నా అదే ఆలోచన. ఐదో తరగతితో ఆగిన చదువు తనది. బిడ్డకు లెక్కలు ఎలాగూ చెప్పలేదు. కాపాడుకోవడమైనా చేతకావద్దూ?

మర్నాడే వాచ్‌మన్‌ను పట్టుకుంది.

"అన్నా, ఆవిడ మళ్లీ ఇక్కడ కనిపిస్తే పోలీసులకు చెప్తా."

"అది కాదమ్మా, ఆవిడ..."

"నీకు పిల్లల్లేరా అన్నా?"

అతను ఆ మాట ఆవిడకు చేరవేశాడు. ఆవిడ మళ్లీ రాలేదు.

ఆదివారం బజారు కిటకిటలాడుతోంది. దారం కొట్లో రంగు సరిచూసుకుంటూ తల్లి పాప చెయ్యి వదిలింది.

తిరిగి చూస్తే పాప లేదు.

తల్లి అరిచింది. ఆ రద్దీలో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు.

"ఇక్కడే ఉండమ్మా! నువ్వూ తప్పిపోతే ఇద్దర్నీ వెతకాలి" కొట్టతను కసిరి, పనివాణ్ణి పరిగెత్తించాడు.

ఎవరి కూతురు కనిపించినా తన కూతురే అనిపిస్తోంది. దగ్గరికొస్తే కాదు.

చివరికి ఓ చిన్న చెయ్యి ఆమె వేలు పట్టుకుంది.

"బుడగల వెంట పోయానమ్మా. చూస్తే నువ్వు లేవు. ఏడుపొచ్చింది. గుండీల అమ్మమ్మ చెప్పిందిగా, ఆఖర్నుంచి వెనక్కి రమ్మని. ఆఖర్న బకెట్ల కొట్టు. దానికి ముందు అద్దాల కొట్టు. దానికి ముందు నువ్వు!"

తల్లి అక్కడే కూలబడి పాపను హత్తుకుంది.

తెల్లారగానే బడి దగ్గరికి పరుగెత్తింది.

"ఆవిడేదీ అన్నా? ఒక్కసారి కాళ్లు పట్టుకోవాలి."

"ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయిందమ్మా. ఒకప్పుడు ఈ బడిలోనే లెక్కల టీచరు. ఆ రోజు చెప్పబోతే విన్నావా?"

"మరి ఆ గుండీలు?"

వాచ్‌మన్ తల దించుకున్నాడు.

"ఆవిడ కూతురు ఎప్పుడో బజార్లో చెయ్యి జారి తప్పిపోయింది, ఇంక దొరకనే లేదు... ఆ రోజు ఆ పిల్ల గౌనుకని కొన్నవమ్మా అవి."