ఏడో మెట్టు

"ఇంకోటా? ఉన్నదానికేమైంది?" అంది భార్య సత్యవేణి.

యశ్వంత్ బేస్ గిటార్‌ని సంచిలో పెట్టి జిప్పు లాగాడు.

"దీన్ని ఇచ్చేసి వేరేది తెచ్చుకుంటాను. మెడ మీద ఏడో మెట్టు దగ్గర తీగ నొక్కితే చాలు, గరగరమంటోంది."

"పన్నెండేళ్ల నుంచీ అంటూనే ఉందిగా?"

"అందుకే."

నిజానికి అతని విసుగు గిటార్ మీద కాదు. వారమంతా ఆఫీసు. సెలవురోజుల్లో ఎవరి పెళ్లి రిసెప్షన్‌లోనో స్టేజి మీద వెనక వరస. నిన్న అల్వాల్‌లో నాలుగు గంటలు నిలబడి వాయించి వస్తే, ఇవాళ మధ్యాహ్నానికి కూడా నడుం పట్టు వదల్లేదు.

జనం పాడేవాళ్లని చూస్తారు, డ్రమ్ములు కొట్టేవాణ్ణి చూస్తారు. బేస్ ఉందని తెలిసేది అది ఆగిపోయినప్పుడే. ఈమధ్య తను ఆపేసినా ఎవరూ గమనించరేమోనని యశ్వంత్‌కి అనుమానం పట్టుకుంది. కొత్త గిటార్ కొంటే పాత సరదా తిరిగొస్తుందని ఒక ఆశ.

పాత గిటార్ పేరు ముసలయ్య. ఆ పేరు అతను పెట్టింది కాదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్ననాటికే దాని వెనక మేకుతో గీకినట్టు వంకర అక్షరాలున్నాయి. పాతకాలం సరుకు కదా, ఎవరో సరదాకి రాసుంటారనుకున్నాడు. బ్యాండులో అందరికీ అదే అలవాటైపోయింది.

"ముసలయ్యని తెచ్చావా?"

"ముసలయ్యకి తీగలు మార్చావా?"

ఆ ముసలయ్యని భుజానికి తగిలించుకుని, ఏ.ఎస్. రావు నగర్ నుంచి కార్ఖానా ప్రాంతంలోని తిరుమల్ గిటార్ల దుకాణానికి చేరాడు.

తిరుమల్ నల్లగా మెరిసే బేస్ ఒకటి తీసి చూపించాడు.

"గిది పట్టుకొని సూడుండ్రి సార్. పాతది నాకియ్యిండ్రి, రేటు సంగతి నేను సూస్కుంట. మీరు పరేషాన్ గాకుండ్రి."

పక్కనే స్టూలు మీద ఒక పెద్దాయన ఎవరిదో గిటార్‌కి తీగలు బిగిస్తున్నాడు. యశ్వంత్ సంచి విప్పగానే ఆయన చేతిలో పని ఆగింది.

"ఒకపాలి ఇటియ్యి బావూ."

శ్రీకాకుళం యాస. యశ్వంత్ నాన్న కూడా ఇలాగే మాట్లాడేవాడు. బళ్లో పిల్లలు నవ్వేవారు. నలుగురిలో ఆ మాట వినబడితే యశ్వంత్‌కి ఇప్పటికీ ఇబ్బందే.

పెద్దాయన గిటార్‌ని వెనక్కి తిప్పి ఆ అక్షరాలని బొటనవేలితో తడిమాడు.

"దీని పేరేటి?"

"ముసలయ్య. పాతది కదా, తగ్గ పేరే పెట్టారు."

"తగ్గ పేరే" అని పెద్దాయన నవ్వాడు. "ఏడో మెట్టు కాడ గరగరమంటాది కదూ?"

యశ్వంత్ ఉలిక్కిపడ్డాడు. "మీకెలా తెలుసు?"

ఆయన గిటార్‌ని ఒళ్లో పెట్టుకున్నాడు. తీగని తాకేదాకా వణికిన వేళ్లు, తాకాక నిలబడ్డాయి.

"మెట్టుకి దూరంగా నొక్కకు బావూ. ఏలు ఇసుమంత మెట్టు కాడికి జరుపు. అప్పుడు సూడు."

నాలుగంటే నాలుగు స్వరాలు వాయించాడు. ఎక్కడా గరగర లేదు.

పన్నెండేళ్లలో యశ్వంత్ చేతిలో ఆ గిటార్ ఒక్కసారి కూడా అలా పలకలేదు. ముందు ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే సిగ్గేసింది. కొనేవాళ్లు ఇంకో ఇద్దరు అటే చూస్తుండటంతో, ఆ సిగ్గు కాస్తా చిరాకైంది.

"దీన్ని ఇచ్చేయకు. దీనికేటీ అవలేదు, నువ్వే అలిసిపోనావు. ఆదివారాలు ఇటొచ్చీ, నాకు తెలిసింది సెప్తాను."

"మీ పని మీరు చూసుకోండి పెద్దాయనా. సలహా అడిగానా మిమ్మల్ని?"

పెద్దాయన భుజం మీది తువ్వాలుతో గిటార్‌ని పైనుంచి కిందిదాకా తుడిచి తిరుమల్‌కి అందించాడు.

కొత్త గిటార్ గరగరమనలేదు. మూడు వారాలు వాయించినా ఒక్క వంక పెట్టడానికి లేదు. యశ్వంత్ అలసట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"అది ఉన్నప్పుడు తిట్టుకుంటూనైనా వాయించేవాడివి. ఇప్పుడు డ్యూటీ చేస్తున్నట్టుంది" అంది సత్యవేణి.

నాలుగో ఆదివారం అతను మళ్లీ కార్ఖానా వెళ్లాడు. ముందు పెద్దాయనకి క్షమాపణ చెప్పుకోవాలి. ఆ తర్వాత పాత గిటార్ వెనక్కి అడగాలి. దారి పొడుగునా ఆ మాటలే వల్లె వేసుకున్నాడు.

స్టూలు ఖాళీగా ఉంది.

"తిరుమల్ గారూ, ముసలయ్య ఉన్నాడా, వెళ్లిపోయాడా?" అన్నాడు ఆత్రంగా.

"పోయిండు సార్. సోమారం నాడు సికింద్రాబాద్ స్టేషన్ల రైలెక్కిండు. చేతుల వణుకు జాస్తయింది, ఇంక పని చేతగాదు, ఊరికి పోతనన్నడు. మళ్ల రాడు."

"నేనడిగేది నేనిచ్చిన బేస్ సంగతి."

"అది సుత ఆయనే కొనుక్కపోయిండు. వాయించనీకి చేతులు రావు గదా పెద్దాయనా అంటే, జెర నవ్విండు."

యశ్వంత్‌కి ఇంకా అర్థం కాలేదు.

"గిటార్ వెనక ముసలయ్య అని రాసుంది కదా, దాని పేరు అదేననుకుని మేమంతా అలాగే పిలిచేవాళ్లం. అందుకే అలా అడిగాను."

తిరుమల్ ఖాళీ స్టూలు వైపు చూశాడు.

"గది గిటార్ పేరు గాదు సార్, గీ స్టూల్ మీద కూసునే పెద్దాయన పేరు."